గొర్రె ఉన్నట్టుండి చచ్చిపడితే: దొమ్మ అనుమానం ఉన్నప్పుడు చేయాల్సిన పనులు

తొలకరి పడిందంటే చాలు, జీవాలు పెంచేవారు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతారు. "రాత్రి బాగానే ఉన్న గొర్రె పొద్దున దొడ్డిలో చచ్చిపడి ఉంది. ముక్కులోంచి రక్తం కారింది. కోసి చూడమంటారా?" ఆ వెనకే కాస్త మొహమాటంగా ఇంకో ప్రశ్న: "మాంసం పనికొస్తుందా?"

రెండింటికీ జవాబు ఒకటే. కోయవద్దు. చూడటానికి కోయవద్దు, అమ్మడానికి కోయవద్దు, తోలు తీయడానికి కోయవద్దు. మీరు ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుంటే చాలు, మీ ఊరి మేత భూమిని కొన్ని దశాబ్దాల బెడద నుంచి తప్పించినవారవుతారు.

కారణం ఇదీ. దొమ్మ, అంటే ఆంత్రాక్స్, కలిగించే సూక్ష్మజీవి చనిపోయిన జీవం రక్తంలో కోట్ల సంఖ్యలో ఉంటుంది. శరీరం మూసి ఉన్నంతవరకు లోపల గాలి ఆడదు, కుళ్ళు మొదలవుతుంది, ఆ కుళ్ళులో కొద్ది రోజుల్లోనే ఆ సూక్ష్మజీవి తనంతట తానే చస్తుంది. కడుపు కోసి రక్తాన్ని గాలికి వదిలితే మాత్రం అది గట్టి గుల్ల కట్టుకుని స్పోరుగా మారుతుంది. స్పోరు ఎండకు, వానకు, కరువుకు లొంగదు. నేలలో దశాబ్దాల తరబడి పడి ఉంటుంది. సున్నపు గుణం, క్షారం ఎక్కువగా ఉన్న నేలల్లో మరింత బాగా నిలుస్తుంది. ఉత్తర తెలంగాణలో విస్తారంగా ఉన్న నల్లరేగడి అటువంటిదే. కాబట్టి చనిపోయిన గొర్రెతో పోయేది ఒక గొర్రె. దాన్ని కోస్తే పోయేది అది మేసిన చెరువు శిఖం, అంటే నీళ్ళు తగ్గాక మందలు మేసే చెరువు లోపలి నేల, మొత్తం.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు దొమ్మతో చనిపోయాయి. విశాఖ మన్యంలోనైతే చచ్చిన పశువును కోసినవారికి, తిన్నవారికి ఈ జబ్బు సోకడం పదే పదే చూశాం.

ఎప్పుడు అనుమానించాలి?

ఉన్నట్టుండి చచ్చిన ప్రతి గొర్రె దొమ్మతో చచ్చినట్టు కాదు. వానాకాలం మొదట్లో లేత గడ్డి మీద పడి మేసిన జీవాలు చిటుకు రోగంతో గంటల్లో చస్తాయి, మన దగ్గర అది చాలా ఎక్కువ. పిడుగు, పాముకాటు, జొన్న పిలకల విషం, పత్తి చేనులో కొట్టిన పురుగుమందు కూడా ఇలాగే చంపుతాయి. కింది వాటిలో ఒక్కటి కనిపించినా మీరు దొమ్మ అనే అనుకుని నడుచుకోండి.

- ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి, గడ్డకట్టని రక్తం.
- చచ్చి గంటలు గడిచినా కాళ్ళు కర్రల్లా బిగుసుకోకపోవడం.
- కళేబరం మామూలు కంటే త్వరగా, బాగా ఉబ్బిపోవడం.
- ఒకటి రెండు రోజుల్లో అదే మందలో, లేదా అదే చోట మేసిన పక్క మందలో, ఇంకో ఆకస్మిక మరణం.
- ఆ మేత భూమిలో గతంలో పశువులు ఇలాగే చచ్చాయని పెద్దలు చెప్పడం.

రక్తం కారలేదు కదా అని ధీమా పడవద్దు. దొమ్మతో చచ్చిన గొర్రెల్లో రక్తం బయటికి రానివీ ఉంటాయి. ఆవులు, గేదెలు, మేకలకూ ఈ సూచనలే వర్తిస్తాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

జబ్బు వచ్చాక వెతుక్కునే తీరిక ఉండదు. మందం గల రబ్బరు చేతి తొడుగులు రెండు జతలు, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు, ముక్కుకు నోటికి కట్టుకునే గుడ్డ, మందపాటి పాలిథిన్ పట్టా, ఒక సబ్బు, జ్వరం చూసే థర్మామీటరు, ఒక నోటు పుస్తకం. తుమ్మకంప మన ఊళ్ళల్లో వెతకాల్సిన పని లేదు. ఫోనులో మీ మండల పశువైద్యాధికారి నంబరు, సంచార పశువైద్యశాల నంబరు 1962 ముందే దాచుకోండి. ఫార్మలిన్ వంటి మందులు మీరు కొని పెట్టుకోవద్దు. అది కళ్ళను, ఊపిరిని కాల్చేసే రసాయనం. పశువైద్య సిబ్బంది వచ్చాక వాళ్ళ చేతనే వాడించండి.

1. మందను అక్కడి నుంచి తప్పించండి

మొదటి పని కళేబరం దగ్గరికి వెళ్ళడం కాదు, బతికి ఉన్నవాటిని దూరం చేయడం. మెరక మీద, పొడిగా ఉన్న వేరే చోటికి తోలండి. నిన్న మేసిన చోటుకు, నిన్న నీళ్ళు తాగిన మడుగుకు మళ్ళీ తీసుకుపోవద్దు. ఊళ్ళో మిగతా కాపరులకు వెంటనే చెప్పండి. "మన మందకు పేరు పడుతుంది" అని దాచితే వాళ్ళ జీవాలూ అదే శిఖంలో మేస్తాయి.

2. కళేబరాన్ని కప్పి, కాపలా పెట్టండి

తొడుగులు వేసుకుని పాలిథిన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టండి. చుట్టూ తుమ్మకంప వేయండి. పిల్లలను, కోళ్ళను, కుక్కలను దగ్గరికి రానివ్వద్దు. కుక్క తనకు పెద్దగా జబ్బు చేయకపోయినా కళేబరాన్ని చీల్చి, మాంసం ముక్కను, ఎముకను ఊరంతా తిప్పుతుంది. ఈగలు, జోరీగలు కూడా రక్తం మీద వాలి జబ్బును మోస్తాయి, అందుకే కప్పడం ఆలస్యం చేయకూడదు.

కప్పే ముందు దూరం నుంచే ఫోటోలు తీయండి: మొత్తం శరీరం, ముక్కు, చెవి పోగు మీది నంబరు. బీమా ఉన్నవారు చాలామంది పోగు కోసం చెవి కోసి తీసుకుంటారు. చెవిని కోస్తే రక్తం వస్తుంది, అక్కడే స్పోర్లు పుడతాయి. పోగును కదపకండి, నంబరు కనిపించేలా ఫోటో తీస్తే చాలు.

3. ఫోను చేయండి, "దొమ్మ అనుమానం" అని స్పష్టంగా చెప్పండి

"గొర్రె చచ్చిపోయింది సార్" అని మాత్రమే చెబితే అది రోజూ వచ్చే కబురుల్లో ఒకటిగా మిగులుతుంది. ఎన్ని చచ్చాయి, ఎప్పుడు, రక్తం కారిందా, ఎక్కడ మేశాయి అన్నది వరుసగా చెప్పండి. ఇది మీ దయ కాదు, బాధ్యత. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద ఆంత్రాక్స్ తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధి.

డాక్టరు వచ్చాక పోస్టుమార్టం చేయమని ఒత్తిడి చేయవద్దు. దొమ్మ అనుమానం ఉన్నప్పుడు చేయకపోవడమే సరైన వైద్యం. చెవి సిర నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే గులాబీ రంగు పొర చుట్టుకున్న నీలి కడ్డీల్లాంటి సూక్ష్మజీవులు కనిపిస్తాయి. పోస్టుమార్టం ఎందుకు చేయలేదో కారణం రాసిన ధ్రువపత్రం అడగండి, బీమా వాళ్ళకు అదీ ఫోటోలూ కలిపి ఇవ్వండి.

ఒక హెచ్చరిక. చచ్చి ఎక్కువ సేపు గడిస్తే, లేదా చావకముందు మీరు పెన్సిలిన్ వంటి సూది వేయించి ఉంటే, పరీక్షలో సూక్ష్మజీవి కనిపించకపోవచ్చు. "ఏమీ లేదన్నారు" అని కళేబరాన్ని బయటికి తీసి కోసుకోవడం చాలా ప్రమాదం. సూది వేయించిన సంగతి డాక్టరుకు దాచవద్దు.

4. గొయ్యి: ఎక్కడ, ఎంత లోతు

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి ఈ పనిని నిదానంగా చేయండి.

వీలైతే చచ్చిన చోటనే తవ్వండి. కళేబరాన్ని కాళ్ళకు తాడు కట్టి ఈడ్చుకుపోతే దారి పొడవునా రక్తం, స్పోర్లు రాసుకుపోతాయి. అక్కడ వీలు కాకపోతే పట్టాలో మూటకట్టి ఎత్తి మోయండి.

చెరువు శిఖం, వాగు ఒడ్డు, కాలువ పక్క, బావి దగ్గర, నీరు నిలిచే పల్లం, ఇవేవీ పనికిరావు. తవ్వుతుంటే ఊట వస్తే ఆ గొయ్యి వదిలేసి మెరకకు వెళ్ళండి. వరద వచ్చినప్పుడు పైకి తేలినది మళ్ళీ మేతలోకి చేరుతుంది.

లోతు కనీసం ఆరడుగులు. చేతి పారతో మూడడుగులు తవ్వి చాలనుకుంటారు. మూడడుగుల గొయ్యిని అడవిపంది ఒక్క రాత్రిలో పైకి తీస్తుంది. ఊళ్ళో జేసీబీ దొరుకుతుంది, పంచాయతీ సర్పంచును, కార్యదర్శిని అడగండి, అరగంట పని. తవ్వేవారికి విషయం ముందే చెప్పండి.

కళేబరం కింద, చుట్టూ రక్తం పడిన మట్టిని జానెడు లోతు గీకి అదే గొయ్యిలో వేయండి. పట్టా, దూది, తొడుగులు, కింద పరచిన గడ్డి, పేడ, మిగిలిన మేత, అన్నీ అందులోకే. ముక్కు, మలద్వారాలను ఫార్మలిన్ దూదితో మూయడం, మట్టి మీద మందు పోయడం సిబ్బంది చేస్తారు.

కళేబరం మీద సున్నం చల్లమని మన దగ్గర చాలామంది చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మాత్రం దొమ్మ విషయంలో సున్నం వద్దంటాయి, కాల్షియం స్పోర్ల మనుగడకు తోడ్పడవచ్చన్నది కారణం. మీ పశువైద్యాధికారి ఏం చెబితే అది చేయండి, కానీ సున్నం చల్లాం కదా అని లోతు తగ్గించడం మాత్రం ఒప్పుకోవద్దు. కాపాడేది లోతే.

కాల్చడం పూడ్చడం కంటే మంచిదే, పూర్తిగా బూడిదయ్యే దాకా కాల్చగలిగితే. తడి కట్టెలతో, నాలుగు కంపలతో కాలిస్తే పైన బొచ్చు కాలి పొట్ట పగులుతుంది, లోపలి రక్తం నేల మీదికి కారుతుంది. వానాకాలంలో ఎండు కట్టెలు పుష్కలంగా లేకపోతే ఆ ఆలోచన మానేయండి.

5. మిమ్మల్ని మీరు కడుక్కోండి

శానిటైజరు స్పోరును చంపదు. ఇళ్ళల్లో వాడే ఫినాయిలు, డెటాలు కూడా అంతే. సబ్బు, పారే నీళ్ళు పెట్టి చేతులు మోచేతుల దాకా, గోళ్ళ సందులతో సహా ఎక్కువ సేపు రుద్ది కడగండి. సబ్బు కూడా స్పోరును చంపదు గానీ చర్మం మీది నుంచి కొట్టుకుపోయేలా చేస్తుంది, మనకు కావలసింది అదే. కడిగిన నీళ్ళు గొయ్యి దగ్గరే పోయండి.

బట్టలు అరగంటకు పైగా నీళ్ళలో బాగా మరిగించండి. మరిగించలేని పాతవి గొయ్యిలో వేయండి. రక్తం అంటిన గొంగడి విషయంలో చాలామంది వెనుకాడతారు, తాతల నాటిది పారేయడానికి మనసొప్పదు. అయినా నూలు గుడ్డలా దాన్ని మరిగించి నమ్మలేం, ఉన్నిలో స్పోర్లు దాగుతాయి, దులిపితే ఊపిరితో పాటు లోపలికి వెళతాయి. పూడ్చేయండి. ట్రాలీని, పారను చెరువులోకి తీసుకుపోయి కడగవద్దు.

6. మిగిలిన మందకు జ్వరం చూడండి

రోజూ పొద్దున, సాయంత్రం. గొర్రెకు మామూలు వేడి సుమారు 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్. మంద ఎండన పడి నడిచివచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది, నీడన కాసేపు నిలబెట్టి చూడండి. 105కు పైకి పోయినదాన్ని, వణికేదాన్ని, తూలేదాన్ని వెంటనే విడదీసి డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు మొదట్లో పట్టుబడితే పెన్సిలిన్ వంటి మందులకు లొంగుతుంది. తూలి పడిన జీవాన్ని "పోయేదెలాగూ పోతుంది" అని గొంతు కోయడం, చచ్చినదాన్ని కోయడం కంటే ఏమాత్రం తక్కువ ప్రమాదం కాదు.

7. టీకా, దాని నియమాలు

టీకాను పశుసంవర్ధక శాఖ వేస్తుంది, చుట్టుపక్కల ఊళ్ళకూ కలిపి. ఇది జీవమున్న, కానీ జబ్బు చేయలేని రకం సూక్ష్మజీవితో చేసిన టీకా. అందుకే యాంటీబయాటిక్ వాడుతున్న జీవానికి వేస్తే ఆ మందు టీకాను చంపేస్తుంది, డబ్బూ శ్రమా వృథా. జ్వరం ఉన్నవాటికి చికిత్స, లేనివాటికి టీకా. చికిత్స అయినవాటికి ఎన్ని రోజుల తర్వాత వేయాలో డాక్టరు చెబుతారు. భయంతో మందంతటికీ ఒకేసారి రెండూ వేయించవద్దు.

రక్షణ రావడానికి వారం పది రోజులు పడుతుంది. వేయించిన మర్నాడే పాత మేతకు తోలవద్దు. సూది వేసిన చోట చిన్న వాపు, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం ఉంటే భయపడనవసరం లేదు. నెలలు నిండిన చూడి జీవాల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. టీకా వేసిన జీవాలను ఆరు వారాల దాకా కోతకు అమ్మవద్దు. సీసా మంచు డబ్బాలోంచి వచ్చిందో లేదో చూడండి, వెచ్చగా ఉన్న సీసాతో వేయవద్దని అడిగే హక్కు మీకుంది.

ఒకసారి దొమ్మ వచ్చిన ఊళ్ళో ఏటా, వానలకు ముందే, వరుసగా కొన్నేళ్ళు వేయించాలి. రెండో ఏడు ఏమీ కాలేదని మూడో ఏడు మానేసే ఊళ్ళే మళ్ళీ దెబ్బతింటాయి.

8. ముట్టుకున్న మనుషుల పేర్లు రాసుకోండి

ఎవరు పట్టారు, ఎవరు మోశారు, ఎవరైనా మాంసం తీసుకుపోయారా. వారం పది రోజులు చేతులు, మెడ, ముఖం చూసుకోమని చెప్పండి. మొదట దోమ కుట్టినట్టు చిన్న పొక్కు లేస్తుంది, చుట్టూ వాపు, తర్వాత మధ్యలో బొగ్గులా నల్లటి చెక్కు కడుతుంది. విచిత్రమేమిటంటే అది నొప్పి పెట్టదు, అందుకే జనం పట్టించుకోరు. గిల్లకుండా, పసర్లు పూయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. "చచ్చిన గొర్రెను ముట్టుకున్నాను" అన్న ఒక్క మాట చెప్పడం మరచిపోవద్దు, ఆ మాట లేకపోతే డాక్టరు దాన్ని మామూలు పుండు అనుకోవచ్చు. సకాలంలో మందులు పడితే తగ్గిపోతుంది.

మాంసం తిన్నవారికి జ్వరం, వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు మొదలైతే ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి, వరంగల్ చుట్టుపక్కల వారైతే ఎంజీఎంకు. 108కి ఫోను చేయండి. ఇంట్లో మిగిలిన మాంసం ఉంటే వండవద్దు, కుక్కకు వేయవద్దు, డాక్టరుకు చెప్పి గొయ్యిలో వేయించండి. ఎక్కువ సేపు ఉడికిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఉడికే ముందే కడిగిన చేతికి, కోసిన కత్తికి, చెక్కకు అంటి ఉంటుంది.

అడవి అంచున ఉన్నవారికి

ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ వైపు మందలు అడవిలోకి పోతాయి. అక్కడ దుప్పి గానీ అడవిదున్న గానీ గాయం లేకుండా చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి, మందను వెనక్కి మళ్ళించండి. వాటికీ ఇదే జబ్బు వస్తుంది, మన జీవాల నుంచి వాటికి, వాటి నుంచి మన జీవాలకు ఒకే మేత ద్వారా. ఇంకో సంగతి: కళేబరం కుళ్ళిన చోట గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా, ఏపుగా వస్తుంది. నమీబియాలోని ఎటోషా జాతీయ పార్కులో పరిశోధకులు ఇదే గమనించారు, ఆ పచ్చదనమే జీబ్రాలను దొమ్మ ఉన్న చోటికి లాగుతోంది. ఎండు బీడు మధ్య కారణం లేకుండా నిగనిగలాడే పచ్చిక కనిపిస్తే, ఆ చోట ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నాకే మందను వదలండి. ఎముకలు కొరికే అలవాటున్న జీవాలకు ఖనిజ లవణాల ఇటుక పెట్టండి. ఒంట్లో భాస్వరం తక్కువైన జీవమే ఎముకల వెంట పడుతుంది.

చేసిన పని సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

గొయ్యిని మొదటి వారం రోజూ, ఆ తర్వాత ప్రతి పెద్ద వాన మర్నాడు చూడండి. మట్టి కుంగిందా, కుక్కలు గీరాయా, వాసన, ఈగలు ఉన్నాయా. కుంగితే పైన ఇంకా మట్టి పోయించి గుట్టలా చేయండి, తవ్వి సర్దవద్దు. చుట్టూ కంచె, ఒక గుర్తు రాయి ఉండాలి.

నోటు పుస్తకంలో రోజు వారీ జ్వరాలు, టీకా తేదీ, ఏ జీవానికి ఏ మందు అన్నది రాయండి. చివరి మరణం నుంచి మూడు వారాలు కొత్త జ్వరం గానీ మరణం గానీ లేకపోతే మంద గండం దాటినట్టు. అప్పటిదాకా ఒక్క జీవాన్ని కూడా అంగడికి తోలవద్దు, బంధువుల మందలో కలపవద్దు, కొత్తవి కొనవద్దు. ఈ కట్టడి కష్టమని తెలుసు. అప్పు తెచ్చి కొన్న మంద కళ్ళముందు తగ్గిపోతుంటే ఉన్నవాటినైనా అమ్మేసుకుందామనిపించడం సహజం. కానీ ఆ అంగడిలో కొన్నవారు కూడా మీలాగే అప్పు తెచ్చినవారు.

మూడు వారాల లోపు ఇంకో జీవం చస్తే ఒకటో మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. మేత మార్చినా చస్తున్నాయంటే నీళ్ళు, కొన్న గడ్డి, ఎముకల పొడి కలిపిన దాణా, వీటిని అనుమానించండి.

గొయ్యి ఉన్న జాగా ఎవరిది, ఏ సర్వే నంబరు, ఏ తేదీన పూడ్చారు అన్నది పంచాయతీ రికార్డులో రాయించండి. రేపు అక్కడ ఇంటి పునాదికో బోరుకో చేపల కుంటకో తవ్వబోయే మనిషికి ఆ రాత తప్ప ఇంకో ఆధారం ఉండదు.